బుధవారం రొట్టెల కొట్టుకు సెలవు

బెల్జియం ప్రయాణానికి నా సూట్‌కేసులో మొట్టమొదట పెట్టింది రైస్ కుక్కర్. దాని కడుపులో కందిపప్పు పొట్లం, చింతపండు, పోపు డబ్బా, మామిడికాయ తొక్కు. అది కదలకుండా చుట్టూ మా ఆయన రఘుపతి బనియన్లు కుక్కాను. నా బట్టలకు మిగిలింది ఒక మూల. మస్కట్‌లో, అజైబాలోని మా రెండు గదుల ఫ్లాట్‌లో నేల మీద కూర్చుని, ఆ మూలలో ఏం పట్టిద్దామా అని చూస్తుంటే జగిత్యాల నుంచి మా అత్తమ్మ కమలవ్వ ఫోను చేసింది. "గా దేశంల ఏం దొరుకుతదో ఏమో నవీనా. నా కొడుక్కు అన్నం లేకుంటె నిద్రవట్టది. తొక్కు వెట్టినవా?" పెట్టానన్నాను. "ఎంత అదృష్టమే నీది! మొగడు దేశాలు చూపెడుతున్నడు," అంది. నేను కుక్కర్ మూత మీద ఇంకో బనియన్ కప్పాను.

ఆ అదృష్టం సంగతి చెప్తాను. కంపెనీ కొత్తగా కొన్న యంత్రాల మీద ట్రైనింగుకు రఘుపతిని, ఆయన కింద పనిచేసే లింబాద్రిని పది రోజులు పంపుతోంది. టౌన్‌లో హోటల్ ఇస్తామన్నారు. "హోటల్ వద్దు సార్, కిచెన్ ఉన్న ఇల్లు చూడుండ్రి, మా మిసెస్ వచ్చి వండి పెడ్తది," అని ఈయన నా ముందే ఫోనులో చెప్పాడు. బయటివాళ్ళతో మాత్రం "నవీనకు యూరప్ చూపెడుతున్న" అన్నాడు. రెండు మాటలూ ఒకే నోటితో, ఒకే పూట. నాకు కోపం కూడా రాలేదు. పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం మా ఇంట్లో కంపెనీ తమ్ముళ్ళు ఎనిమిది మంది భోంచేస్తారు. పొద్దున ఐదింటికి లేచి మాంసం కడగడం మొదలుపెడితే, చివరి గిన్నె బోర్లించి నేను తినేసరికి నాలుగవుతుంది. "రఘుపతన్న దిల్ పెద్దది" అంటారు తమ్ముళ్ళు. నిజమే మరి, ఆ దిల్ కింద గిన్నెలు తోమేది నేను. మాకు పిల్లల్లేరు. కాబట్టి నాకు పనేమీ లేదని, వంట ఉంటేనే నాకు పొద్దుపోతుందని అందరూ అనుకుంటారు.

నేను ఎమ్మెస్సీ లెక్కలు, ఆపైన బీఎడ్. పెళ్ళికి ముందు జగిత్యాలలో మూడేళ్ళు పాఠం చెప్పాను. ఈ మే నెలలో, మస్కట్ నుంచి బస్సులో రెండు గంటల దూరమున్న నిజ్వాలోని ఒక ఇండియన్ స్కూల్లో ఇంటర్వ్యూకు పోయివచ్చాను. నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి పాఠం చెప్పించుకున్న ప్రిన్సిపాల్ జువేరియా మేడమ్‌ది మన కరీంనగరే. వారమంతా టీచర్ల క్వార్టర్స్‌లో ఉండి, గురువారం సాయంత్రం బస్సులో ఇంటికి రావచ్చు. వీసా పేపర్ల సంగతి స్కూలే చూసుకుంటుంది. సెలవులైపోయి బడి తెరిచేలోగా సరే అనో కాదనో చెప్పమన్నారు. ఇంటికి వచ్చి చెప్తే రఘుపతి టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "నువ్వు నిజ్వా పోతె ఇంట్ల వంటెవలు చేస్తరు? బెల్జియం పొయ్యొచ్చినంక ఆలోచిద్దాం." ఆలోచిద్దాం అన్నాడు కదా అని సంబరపడ్డాను. ఆ బహువచనంలో నేనూ ఉన్నాననుకున్నాను.

మాకు ముగ్గురికీ కిచెన్ ఉన్న ఇల్లు దొరికిన ఊరి పేరు నాకు ఇప్పటికీ సరిగా నోరు తిరగదు. ఫ్లెమిష్ మాట్లాడే పల్లె. ఎటు చూసినా చదునైన పొలాలు, మొక్కజొన్న, ఆలుగడ్డ, గడ్డిలో పడుకున్న ఆవులు, ఎర్ర ఇటుకల ఇళ్ళు, మధ్యలో ఒక చర్చి. ఊరి వెనుక కాలువ. పొద్దున ఏడింటికి మగవాళ్ళిద్దరికీ డబ్బాలు కట్టిచ్చి కారెక్కించాక ఎంత నిశ్శబ్దమంటే, పక్క పెరట్లో కోడి గింజలు ఏరుకోవడం వినిపించేది. రోడ్డు మీద ఎదురైన ప్రతివాళ్ళూ ఒక్క ముక్కలో పలకరించి పోయేవారు. ఎవరి భార్యవు, ఎంతమంది పిల్లలు, ఇవ్వాళ ఏం కూర అని ఎవరూ అడగలేదు. మొదటి రోజు కాలువ వైపు నడిచి, వంటకు ఆలస్యమవుతుందని సగంలోనే పరుగెత్తుకొచ్చాను.

రెండో రోజు సాయంత్రం పప్పులో పోపు వేశాను. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ. నూనె చుర్రుమంది, అంతే, నెత్తిమీద స్మోక్ అలారం కీచుమని లేచింది. ఓరి దేవుడా! తువ్వాలుతో విసిరాను, కుర్చీ ఎక్కాను, ఏం చేసినా నోరు మూయలేదు. పక్కింటి నుంచి, మాకు ఇల్లు అద్దెకిచ్చిన గోడెలీవ్ రబ్బరు బూట్లతో, చేతిలో కోడిగుడ్ల గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. కిటికీలన్నీ బార్లా తెరిచి, దగ్గుతూ బాణలిలోకి తొంగిచూసి, "మంటలు కాదా? కూరా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. కూరే అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది, నేనూ నవ్వాను. అప్పుడే కారు దిగిన రఘుపతి మాత్రం నవ్వలేదు. "ఇజ్జత్ తీస్తివి గదనే," అన్నాడు. పోనీ పోపు మానేద్దామా అంటే, "పోపు లేని పప్పు ఎవడు తింటడు?" అని కుర్చీ ఎక్కి, ఆ అలారానికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు బిగించాడు. "ఇగ ఎంత పొగైనా సప్పుడు రాదు. మంచిగ వండు." లింబాద్రి కింద నిలబడి కుర్చీ పట్టుకున్నాడు. "అన్న దిమాకే దిమాకు," అన్నాడు.

బుధవారం పొద్దున, రాత్రికి అన్నంతో పాటు రొట్టె కూడా ఉంటే నయం కదా అని ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క రొట్టెల కొట్టుకు వెళ్ళాను. తలుపు వేసి ఉంది. అద్దానికి లోపలి నుంచి, వాళ్ళ భాషలో చేత్తో రాసిన చిన్న పలక వేలాడుతోంది. ఎవరైనా పోయారేమో అనుకున్నాను. తిరిగొచ్చి గోడెలీవ్‌ను అడిగితే, "అదా, బుధవారం విశ్రాంతి రోజు. ఇక్కడ ప్రతి కొట్టుకూ వారంలో ఒకటి ఉంటుంది," అని నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోసింది. అంతమంది రొట్టె తినేవాళ్ళుండగా తలుపు మూసేస్తారా అన్నాను. అప్పుడు చెప్పింది, ఆ కొట్టు ముప్పై ఎనిమిదేళ్ళు తనదీ తన భర్తదీ అట. మొదట్లో పలక లేదట. రొట్టెకు సెలవేమిటి, జనం ఆకలితో పోతారు అనేవాడట ఆయన. ఒక మంగళవారం సాయంత్రం తనే పలక రాసి తగిలించి, బుధవారం సైకిలు తీసుకుని సముద్రం చూడ్డానికి పోయిందట.

"ఆయన ఏమన్నాడు?" అని ఆత్రంగా అడిగాను.

"చాలా అన్నాడు. కానీ నేను సముద్రం దగ్గరున్నాను కదా, వినపడలేదు," అంది గోడెలీవ్, నాకు ఇంకో ముక్క కేకు కోస్తూ. నేను ఖాళీ కప్పు కడగబోతే చేతిలోంచి లాక్కుంది. ఒకరింట్లో తిని కప్పు కడక్కుండా లేవడం నాకు పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

అక్కడి నుంచి నేరుగా కాలువ గట్టు మీది బెంచీ దగ్గరికి నడిచాను. జువేరియా మేడమ్‌కు ఇప్పుడే రాసేయాలి, వస్తానని రాసేయాలి, ఆయనకు తర్వాత చెప్పుకోవచ్చు. ఫోనులో నా మెయిల్ తెరిచాను. ఆమెకు ఇంతకుముందు పంపిన వాటికోసం వెతికితే నేను రాయనిది ఒకటి కనబడింది. మేం విమానం ఎక్కడానికి ముందు రోజుది. "ఇంటి బాధ్యతల వల్ల నేను ఈ ఉద్యోగంలో చేరలేకపోతున్నాను. క్షమించగలరు," అని ఇంగ్లిష్‌లో మూడు వరుసలు. కింద, మిసెస్ నవీనా రఘుపతి. నేను నా పేరు ముందు మిసెస్ ఏనాడూ రాసుకోలేదు. ఆ అకౌంటు తెరిచిచ్చింది ఆయన, పాస్‌వర్డ్ పెట్టింది ఆయన. మార్చుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు, మొగుడి దగ్గర దాపరికమేమిటనుకున్న పిచ్చిదాన్ని. మేడమ్ జవాబిచ్చే ఉంటారు, దాన్ని తీసేసి ఉంటాడు. తను పంపింది తీసేయడం మరిచిపోయాడు. కొట్టి ఉంటే ఇంత మండేది కాదేమో. నా నోటితో వద్దనిపిస్తే ఒక రకం, నా నోరు తనే తెచ్చుకుని తనే మాట్లాడేశాడు! పక్కన కూర్చుని బనియన్లు మడతపెడుతున్నదాన్ని, ఒక్క మాట అడగలేదు. అడిగితే నేను కాదంటానని తెలుసు కాబట్టే అడగలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. చూసేవాళ్ళెవరూ లేరు, రెండు బాతులు తప్ప. ఏడ్చినంతసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మొదట పాస్‌వర్డ్ మార్చాను. తర్వాత ఫోను చేశాను.

"నవీనా? మీ మెయిల్ చూసి మస్తు బాధైంది," అన్నారు జువేరియా మేడమ్.

"అది నేను రాయలే మేడమ్."

ఎవరు రాశారని ఆవిడ అడగలేదు. తెలిసినట్టుంది. "పోస్టు ఇంకా ఖాళీగనే ఉన్నది," అన్నారు. "ఈ ఆదివారం గాదు, పై ఆదివారం బడి తెరుస్తం. శనివారం సాయంత్రానికి సర్టిఫికెట్లు తీస్కొని క్వార్టర్స్‌కు రాండ్రి. ఈసారి మీరే రావాలె, మెయిల్ కాదు."

ఇంటికొచ్చి కుర్చీ ఎక్కి అలారానికి కట్టిన కవరు విప్పేశాను. ఆ సాయంత్రం బల్ల మీద ఫ్రిజ్‌లో ఉన్న చీజూ, నిన్నటి బ్రెడ్డూ, తొక్కు సీసా పెట్టాను. "అన్నమేది?" అన్నాడు రఘుపతి. ఇవ్వాళ బుధవారం, సెలవు అన్నాను. పానం బాగలేదా అని నా మొహం చూశాడు. లింబాద్రి మాత్రం బ్రెడ్డు మీద తొక్కు రాసుకుని నమిలి, "మంచిగనే ఉన్నదొదినా," అన్నాడు. మెయిల్ సంగతి అక్కడ ఎత్తలేదు. ఎత్తితే పది మాటలు చెప్పి, నీ మంచికేనని ఒప్పించి, చివరికి నాతోనే క్షమాపణ చెప్పించుకోగలడు. పదకొండేళ్ళుగా జరిగింది అదే. ఈసారి ఆయనకు ఆయన మాటే వినిపించాలి. మిగిలిన రోజులన్నీ వండాను, పోపు మాత్రం వేయలేదు. పగలంతా ఆ ఊరు తిరిగాను. పొలాల మధ్య దారిలో ఎంత దూరం పోయినా, ఏ టైముకు తిరిగొచ్చినా అడిగేవాళ్ళు లేరు. వచ్చే రోజు రైస్ కుక్కర్‌ను కడిగి గోడెలీవ్‌కు ఇచ్చేశాను. సూట్‌కేసులో నా బట్టలు మొదటిసారి నలగకుండా మడతపెట్టుకున్నాను.

గురువారం అజైబా చేరాం. శుక్రవారం పొద్దున ఆయన ఇంకా నిద్రలో ఉన్నాడు. ఆయన ఫోను తెరిచే నంబరు నాకు తెలుసు. డ్యూటీ నుంచి రాగానే దాన్ని ఛార్జింగుకు పెట్టేదీ, చుట్టాల పుట్టినరోజులకు ఆయన పేరుతో దీవెనలు కొట్టేదీ నేనే. శుక్రవారం భోజనాల కోసం తమ్ముళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో రాశాను: "తమ్ముళ్ళూ, ఇంటి బాధ్యతల వల్ల నేను ఈ శుక్రవారం నుంచి భోజనం పెట్టలేకపోతున్న. క్షమించగలరు. మీ రఘుపతన్న." పంపించాను. ఫోను ఎక్కడిదక్కడ పెట్టి, టీ కాచుకుని, ఒక్కదాన్నే కూర్చుని వేడిగా తాగాను.

తొమ్మిదింటికి నేను సర్టిఫికెట్లు ఫైలులో సర్దుకుంటుంటే బెడ్‌రూములోంచి కేక. ఒకదాని వెంట ఒకటి ఫోన్లు వస్తున్నాయి. ఏమైందన్నా, ఒదినకు బాగలేదా, మేమేమన్న తప్పు చేసినమా అని. రఘుపతి లుంగీ మీదనే బయటికొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఇది నువ్వు రాసినవా?"

"రాసిన."

"నా పేరు వెట్టి నువ్వెట్ల రాస్తవే? నాకు ఒక్క మాట చెప్పాలె గద! నన్ను అడగాలె గద! పది మందిల నా మాటకు ఇలువ ఉంటదా ఇగ?" ఆ మాటలు నాకు తెలుసు. కాలువ గట్టు మీద, బెంచీ మీద, నేను అనుకున్నవి అవే.

జాలి వేయలేదంటే అబద్ధం. కానీ ఆగలేదు. నా ఫోను తెరిచి, ఆయన నా పేరుతో పంపిన మూడు వరుసలు ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"ఇప్పుడన్న మాటే మల్లొకసారి అనుండ్రి," అన్నాను. "దీన్ని చూసుకుంట అనుండ్రి."

ఆయన చూశాడు. ఆయన ఫోను ఇంకా మోగుతూనే ఉంది. నేను ఫైలు బ్యాగులో పెట్టి జిప్పు లాగాను.

"రేపు మూడింటికి నిజ్వా బస్సు. గ్రూపుల మీరేం రాసుకుంటరో రాసుకోండ్రి, మీ పేరు మీదనే రాసుకోండ్రి."