నూట ఇరవై రెండు

నేను ఒక థర్మామీటరుని. జ్వరం చూసే రకాన్ని మాత్రం కాను. చంకల్లోనూ నాలికల కిందా దూరి బతికే ఆ పొట్టి జాతితో నన్ను పోలిస్తే ఊరుకోను. నేను జానెడున్నర పొడుగున్న గాజు కడ్డీని, మైనం వేడి చూసేదాన్ని. కడుపులో ఎర్రటి ద్రవం, ఒంటి నిండా గీతలు, పది గీతలకో అంకె. కాగుతున్న గిన్నెలో నిలువునా ముంచినా నిజం తప్ప చెప్పను. అలాంటి నన్ను మనుషులు ఎలా చూశారో వింటే మీ జాతి మీద మీకే జాలి పుడుతుంది. నాకైతే అది కూడా పుట్టలేదు.

నేను పుట్టింది సముద్రం అవతల, ఒక గాజు కార్ఖానాలో. కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలావిడ నన్ను మంచులో ఒకసారి, మరిగే నీళ్ళలో ఒకసారి ముంచి, గీతలన్నీ సరిగ్గా ఉన్నాయని తలూపింది. నన్ను చదివి అర్థం చేసుకున్న ఆఖరి మనిషి ఆవిడే. అక్కణ్ణుంచి మైనం అమ్మే కంపెనీకి చేరాను. వాళ్ళు నన్ను అమ్మనైనా అమ్మలేదు. నమూనా మైనం తెప్పించుకున్నవాళ్ళకి కొసరుగా పడేశారు, వంకాయలు కొంటే గుప్పెడు కరివేపాకు వేసినట్టు. అలా నమూనా డబ్బాతో పాటు విమానమెక్కి, గుంటూరు జిల్లాలో మరియాపురం అనే ఊళ్ళో దిగాను.

ఆ ఊళ్ళో పెద్ద చర్చి ఉంది. వాళ్ళు గుడి అంటారు. ఆ గుడికి ముప్పై ఒక్క ఏళ్ళుగా కొవ్వొత్తులు పోసి ఇస్తున్నది ఇన్నమ్మ ఇల్లు. పెరట్లో రేకుల షెడ్డు, రెండు పెద్ద గిన్నెలు, వంద అచ్చులు, నలుగురు ఆడవాళ్ళు. ఇంతే కంపెనీ. ఇన్నమ్మ భర్త పోయి ఆరేళ్ళయింది. చదువు లేదు. మైనం కాగిందో లేదో చిటికెనవేలు ఒక్క క్షణం ముంచి చెబుతుంది. ఆ వేలి కొస కాయ కాసి మేకు తలలా ఉంటుంది. నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "బాగుందే, దేనికిది?" అంది. నాకు ఒళ్ళు మండింది.

డబ్బా తెప్పించింది అల్లుడు బాలశౌరి. గుంటూరులో బైకుల షోరూములో పని మానేసి, ఇల్లరికం వచ్చి, అత్తగారి వ్యాపారాన్ని పైకి తెస్తానని చేతిలో ఫోనుతో కూర్చున్న మనిషి. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే కనీసం తెలివన్నా ఉండేది.

ఆ ఏడాది గుడికి కొత్త ఫాదర్ వచ్చాడు. గుడి లోపలంతా తెల్లగా సున్నాలూ రంగులూ వేయించి, పొగ కక్కే కొవ్వొత్తులు ఇక మీద లోపలికి రావడానికి వీల్లేదన్నాడు. ఏసు సమాధి నుంచి లేచిన పాస్కా పండగకి ముందు, శనివారం రాత్రి జాగరణకి వెయ్యి కొవ్వొత్తులు కావాలి. పొగ రానివి ఇస్తే సరి, లేకపోతే ఈసారి బెజవాడలో కొంటానని చెప్పి పంపాడు. ఆ మాట విన్న రోజు ఇన్నమ్మ అన్నం తినలేదు. పాస్కా నాడు గుళ్ళో జనం చేతుల్లో వెలిగేది తన ఇంటి వత్తి. ఆమెకున్న గౌరవమంతా అదొక్కటే. ఈ ఒక్క పండక్కి తప్పితే మళ్ళీ రాదని ఆమెకి తెలుసు.

దూరపు కొండలు నునుపు కదా. బాలశౌరి ఫోనులో వెతికి, సోయా గింజల నూనెతో చేసే మైనం ఒకటుందని, దానికి పొగ తక్కువని కనిపెట్టాడు. అందాకా నిజమే. నమూనా డబ్బా విప్పి, దాని మీది కాగితం చదివి, ఎగిరి గంతేశాడు.

"ఫిలోమినా! మన పాత మైనం బస్తా మీద అరవై డిగ్రీలకి కరుగుద్దని ఉంది. ఇదెంతో తెలుసా? నూట ఇరవై రెండు! రెట్టింపు గట్టిది. ఇంక మన కొవ్వొత్తికి తిరుగులేదు."

ఫిలోమిన అతని భార్య, ఇన్నమ్మ ఒక్కగానొక్క కూతురు. మొగుడి ముఖం వెలిగితే చాలు ఆమెకి.

ఓరి నాయనో! నా దేశంలో వేడిని ఒక కొలతతో చూస్తారు, ఈ దేశంలో మరో కొలతతో. బస్తా మీది అరవై వీళ్ళ కొలత. డబ్బా మీది నూట ఇరవై రెండు నా కొలత. వీళ్ళ కొలతలోకి మారిస్తే అది యాభై. రెట్టింపు గట్టిది కాదు సరికదా, పాతదాని కన్నా పది డిగ్రీలు మెత్తనిది. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? ఎండ నలభై మూడంటారు, జ్వరం నూట రెండంటారు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే నోటితో! ఎండ కన్నా మనిషి ఒళ్ళు రెట్టింపు వేడెక్కుతుందా అని ఏ ఒక్కడికీ అనుమానం రాలేదు. తాతల నాటి నుంచీ రాలేదు. ఇలాంటి బుర్రలకి నేను కొసరుగా దొరికాను.

ఒక్క ఇన్నమ్మకి అనుమానం వచ్చింది. నమూనా మైనం కరిగించి వేలు ముంచి తీసి, బొటనవేలితో నలిపి చూసింది. కానీ అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. పెళ్ళయిన మూడేళ్ళలో ఆమె అతనితో చెప్పిన మాటలన్నీ కూతురి నోటి మీదుగానే వెళ్ళాయి, అతను ఎదురుగా రెండు బారల దూరంలో ఉన్నా సరే.

"అమ్మాయ్, ఇది నెయ్యిలాగుందే. వేలికి పట్టు దొరకట్లా. మన ఎండలకి నిలబడదేమోనని బాబుకి చెప్పు."

ఫిలోమిన మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మైనం నెయ్యిలాగుందంటంది అమ్మ."

"అట్టా చెప్పు! ఆవిడకే నచ్చిందంటే ఇంక చూసుకో," అన్నాడు బాలశౌరి.

ఇన్నమ్మ వేలు కొంగుకి తుడుచుకుని అచ్చుల దగ్గరికి వెళ్ళిపోయింది. అల్లుడి ముఖం మీద కాదని చెప్పడమా! దానికన్నా ఇల్లు కాలిపోయినా నయమే వీళ్ళకి. నమూనాతో పోసిన నాలుగు కొవ్వొత్తులు జనవరి చలిలో నిటారుగా నిలబడ్డాయి. పరీక్ష పూర్తయిందన్నాడు.

సరుకు ఓడలో బయలుదేరింది. మద్రాసు రేవులో మూడు వారాలు ఆగింది. ఎందుకంటారా? కాగితాల్లో సరుకు పేరు దగ్గర బాలశౌరి సోయా అని మాత్రమే రాసి, మైనం అని రాయడం మరిచాడు. తినే సరుకైతే తినే సరుకుల కాగితాలు తెమ్మన్నారు అక్కడివాళ్ళు. ఇది తినేది కాదని రుజువు చెయ్యడానికి అతను రెండుసార్లు మద్రాసు వెళ్ళాడు. ఈలోపు పాత మైనం వ్యాపారికి ఫోను చేసి, "ఇంక మీ మైనంతో మాకు పని లేదు" అని దర్జాగా చెప్పేశాడు కూడా. తా దూర కంత లేదు, మెడకో డోలు!

పాస్కాకి ముందొచ్చే నలభై రోజుల తపస్కాలం సగం గడిచాక సరుకు షెడ్డుకి చేరింది. రాత్రీ పగలూ పోశారు. పాస్కాకి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి వెయ్యి కొవ్వొత్తులూ తయారై, షెడ్డులో బల్లల మీద వరసలుగా నిలబడ్డాయి. పాలలా తెల్లగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకుంటాను. నన్ను అదే షెడ్డులో గోడ మేకుకి వేలాడదీశారు. ఏప్రిల్ ఎండకి రేకులు కాలుతుంటే నా ఎర్రగీత నూట పదమూడు దాకా ఎక్కి నిలబడింది, మైనం కరిగే చోటుకి తొమ్మిది గీతలే దూరం. నా జన్మంతా అరిచినట్టే అయింది. బాలశౌరి నా పక్కనే నిలబడి ఫోనులో చూసి, "నలభై మూడే. నూట ఇరవై రెండెక్కడ, ఇదెక్కడ!" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే.

ఆ ఎండలోనే బండి మీద తిరిగి తిరిగి సోమవారం మధ్యాహ్నం వడదెబ్బ తగిలి పడిపోయాడు. షెడ్డు పక్కనున్న వరండాలో నులకమంచం మీద పడుకోబెట్టారు. ఫిలోమిన ఏడుస్తూ ఆ పొట్టిదాన్ని, అదే జ్వరం చూసేదాన్ని, తెచ్చి అతని నాలిక కింద పెట్టింది.

"అమ్మా, నూట మూడు!"

ఇన్నమ్మ తడిగుడ్డ పిండుతున్నదల్లా ఆగి, అల్లుడి నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. తీయలేదు. చాలాసేపు అలాగే ఉంచింది.

"నూట మూడంటే ఈ కాకేనా?"

"అవునమ్మా."

"మన పాత మైనం అరవైకి కరిగేది. దాంట్లో వేలు ఒక్క రవ్వ ఎక్కువసేపుంచితే బొబ్బలెక్కేది. ఈ నుదురు నూట మూడు. నేను చెయ్యి ఆనించి ఇంతసేపు కూర్చున్నా." ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. "ఆ అంకె, ఈ అంకె ఒకటి కాదే. శేరూ కిలో కలిపేసి తూచినట్టున్నాం. నూట ఇరవై రెండంటే ఈ కాకకి ఇంకో పిసరంతే!"

నిజం చెబుతున్నాను, నా ఎర్రగీత అదిరింది. మూడు నెలలుగా ఆ ఇంట్లో ఉన్న నిజాన్ని చదువు రాని మనిషి, నేను ఈసడించుకున్న పొట్టిదాని సాయంతో, జ్వరపు నుదుటి మీద చదివేసింది.

లేచి షెడ్డులోకి వచ్చింది. బల్లల మీద కొవ్వొత్తులు నడుములు వంచి ఒకదాని మీద ఒకటి వాలిపోతున్నాయి. నూటికి ఎనభై పోయాయి. ఆమె గుమ్మంలోనే కూలబడి నెత్తి కొట్టుకుంది. "ముప్పై ఒక్క ఏళ్ళు నిలబెట్టా గదే అమ్మాయ్! ఇదా నా గతి!"

ఏడుపు అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకుని, వరండాలోకి వెళ్ళి, మంచం పక్కన నిలబడింది. ఫిలోమిన వైపు చూడలేదు.

"బాలశౌరీ, మైనం మెత్తది. నాకు జనవరిలోనే తెలుసు. చెప్పకపోవడం నా తప్పు. ఇప్పుడు చెప్తన్నా, విను. శనివారానికి మళ్ళీ పొయ్యాల."

పేరు పెట్టి పిలిచింది! అల్లుడు జ్వరంలో కూడా లేచి కూర్చున్నాడు. "పాత మైనం ఎక్కడిదత్తయ్యా? నే వద్దన్నాక ఆ వ్యాపారి ఒక్క బస్తా కూడా ఇవ్వడు," అన్నాడు నీరసంగా.

మైనం ఉంది. షెడ్డు మూల ఎనిమిది గోనెసంచుల్లో ఉంది. ఏటా నవంబరులో సమాధుల పండగ నాడు ఊరంతా తమవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. మర్నాడు మిగిలిన ముక్కలు ఏరుకొచ్చి ఇక్కడ పోస్తారు. అవి ఇస్త్రీవాళ్ళకి పెట్టె అడుగున రుద్దుకోవడానికీ, చెప్పులు కుట్టేవాళ్ళకి దారానికి రుద్దుకోవడానికీ పోతాయి తప్ప గుడికి వెళ్ళే కొవ్వొత్తిలో కలపకూడదు. అది ఇన్నమ్మ భర్త పెట్టిన నియమం. సంచి మూతి విప్పుతుంటే ఫిలోమిన అడ్డం వచ్చింది.

"అమ్మా, నాన్న వద్దన్నాడుగా. పోయినోళ్ళ మైనం గుళ్ళోకి రాకూడదని."

"అన్నాడు. ఆయన సమాధి మీది ముక్కలూ ఈ సంచుల్లోనే ఉన్నయ్యి. పాస్కా నాడు లేవకపోతే ఇంకెప్పుడు లేస్తాడంట?"

వంగినవీ నిలిచినవీ అన్నీ విరిచి గిన్నెలో వేశారు, ముక్కలు కలిపారు. ఎంతకి ఎంతో ఎవరికీ తెలియదు. అప్పుడు నా అవసరం పడింది. ఇన్నమ్మ నన్ను గిన్నెలో నిలబెట్టి, చల్లారుతున్న మైనంలో వేలు ముంచుతూ తీస్తూ, అంచున అది గట్టిపడడం మొదలైన చోట నా గీత ఎక్కడుందో కూతురిని చూడమంది. మొదటి రెండు గిన్నెలకీ పెదవి విరిచింది. మూడోదానికి, నూట ముప్పై అయిదు దగ్గర, "ఆఁ, ఇదీ మైనం," అంది. అంకె అడగలేదు. తన కొంగు అంచు నుంచి నల్లదారం పీకి సరిగ్గా ఆ చోట నా మెడకి కట్టింది. ముసలావిడ అంత శ్రద్ధగా పరీక్షించిన నా రెండు వందల గీతల్నీ వదిలేసి, ఒక్క నల్లదారం!

శుక్రవారం సాయంత్రానికి వెయ్యి తయారయ్యాయి. నిలబడ్డాయి. పాత ముక్కల మసి వల్ల కాస్త పచ్చగా వచ్చాయి. ఫాదర్ చూసి, "సహజమైన మైనమంటే ఇలాగే ఉంటుంది, రంగులో తెలిసిపోతుంది" అన్నాడట. జాగరణ అయ్యాక కొత్త రంగు మీద పొగ మరక పడింది కానీ, పోయిన ఏడాదితో పోలిస్తే తక్కువేనని ఆయనే సర్దిచెప్పుకున్నాడట. మనుషులు నిజం కన్నా సర్దుబాటుతోనే ఎక్కువ కాలం బతుకుతారు. గుడి ఆర్డరు ఇన్నమ్మ ఇంటికే ఉండిపోయింది.

అది జరిగి మూడేళ్ళయింది. బూడిదతో తోమి తోమి నా అంకెలు చాలావరకు చెరిగిపోయాయి. దారం మాత్రం ఉంది. ఇప్పుడు నన్ను వంటింటి అలమరలో ఒక స్టీలు గ్లాసులో ఉంచారు, ఆ పొట్టిదాని పక్కనే. మొదట్లో దానికేసి చూసేదాన్ని కాదు. ఈ మధ్య చూస్తున్నాను. నేను చెప్పినదంతా నిజమే. కానీ వినేవాళ్ళకి తెలిసిన మాటలో ఒక్కటీ చెప్పలేదు, పైగా వినలేదని వాళ్ళనే తిట్టుకున్నాను. అర్థం చేర్చకుండా మాట మాత్రం మోసిన ఫిలోమినకీ నాకూ పెద్ద తేడా లేదని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

నిన్న బాలశౌరి ఇంకో దేశం నుంచి ఇంకో నమూనా తెప్పించాడు. తాటిమైనమట. డబ్బాలో మళ్ళీ కాగితం, కాగితం మీద మళ్ళీ అంకెలు. అతను వాటిని చదవలేదు. వంటింట్లోనే కాస్త కరిగించి, గిన్నె ఇన్నమ్మ ముందు పెట్టి, "అత్తయ్యా, ముందు మీరు వేలు పెట్టండి," అన్నాడు. ఆమె ముంచి, తీసి, నలిపి, అల్లుడి ముఖంలోకి చూసింది.

"వద్దు నాయనా," అంది.

మధ్యలో కూతురు లేదు. నేనూ లేను.