తెలుపు తగ్గించాక

"కాంట్రాస్ట్ ఇంకాస్త పెంచు. ఎముక తళతళలాడాలి. డాక్టర్లకు అదే నచ్చుతుంది," అన్నాడు భర్త, తలుపులోంచి తొంగిచూసి.

ఎక్స్‌రే సెంటరు అతనిది. తీసిన ప్రతి బొమ్మకూ కంప్యూటర్లో నలుపు తెలుపులు సరిదిద్దే పని ఆమెది. జీతం మాట ఎప్పుడూ రాలేదు. ఇంటి మనిషికి జీతమేమిటి? "మీటలు నొక్కడమేగా, కాలక్షేపం," అని అతను చుట్టాలతో నవ్వుతూ చెబితే ఆమే టీ అందించేది.

ఇప్పుడు తెర మీదున్నది అత్తగారి తుంటి. వారం కిందట స్నానాలగదిలో జారిపడ్డారు. నొప్పంటే, "విరిగితే నడవగలవా అమ్మా?" అన్నాడు కొడుకు. "వయసులే," అన్నారు మామగారు. ఇవాళ కోడలే పట్టుబట్టి తీసుకొచ్చింది.

"చూశావుగా, ఏం లేదు," అన్నాడు భర్త.

సున్నం కొట్టిన గోడలా ఉంది బొమ్మ. అంత తెలుపులో ఏం కనిపిస్తుంది? ఆమె కాంట్రాస్ట్ తగ్గించి, డెన్సిటీని, అంటే నలుపు చిక్కదనాన్ని, కొద్దిగా పెంచింది. తెలుపు వెనక్కి తగ్గి, బూడిదరంగు ఛాయలు ఒక్కొక్కటే తేలాయి. తుంటి దగ్గర తొడ ఎముక సన్నబడే మెడలో అడ్డంగా వెంట్రుకంత గీత. తానే పుట్టించిందేమోనని భయం వేసి, రెండో వైపు తుంటికీ అవే కొలతలు పెట్టింది. అక్కడ గీత లేదు. వారంగా ఆ గీత మీద నిలబడే అత్తగారు నలుగురికీ వండిపెట్టారు. తానూ తిన్నది.

"ఏమండీ, చిట్లింది. ఇంకో నాలుగడుగులు వేస్తే పూర్తిగా విరగొచ్చు."

"సెట్టింగులతో ఆడుకుంటే ఏ గీతైనా వస్తుంది."

ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సరే, సాయంత్రం తీసుకెళ్దాం. బయట జనం ఉన్నారు. వాళ్ళ బొమ్మలెవరు చూస్తారు?"

"మీరు చూడండి. అంబులెన్సును నేను పిలుస్తున్నాను."

పక్కగదిలో బల్ల మీద అత్తగారు మోచేతుల మీద లేవబోతున్నారు.

"అయిందా? పద పద, మీ మామయ్యకి అన్నం వేళయింది."

కోడలు ఆవిడ భుజాల మీద చేతులు ఆన్చి, నెమ్మదిగా వెనక్కి పడుకోబెట్టింది.

"ఆకలేసినవాళ్ళు వండుకుంటారు అత్తయ్యా. మీరు కదలకండి."