రెండు ముక్కల జంపఖానా

నేను ఒక జంపఖానాని. ఓరుగల్లులో ఓ పెద్ద మగ్గం మీద ఎర్ర చారలతో, నీలం చారలతో పుట్టి, బాపట్ల దగ్గర మొగిలిపాలెం మందిరానికి వచ్చి పడ్డాను. అక్కడివాళ్ల మొహాలు పాస్టరుగారికి తెలుసు, మోకాళ్లు నాకు తెలుసు. ఒప్పుకోలు ప్రార్థనప్పుడు అందరూ నా మీద మోకరించి, "మేము తప్పిపోయితిమి ప్రభువా" అని ఒక్క గొంతుతో, బస్సు వెళ్లిపోతుందేమో అన్నంత తొందరగా చెప్పేవారు. ఆ 'మేము'లో ఎవరి తప్పు ఎంతో తెలిసేది కాదు. అందరికీ హాయిగా ఉండేది.

ఆ మందిరంలో పాట ఎత్తేది దీనమ్మ. ఆవిడ తమ్ముడు ఆశీర్వాదం కొడుక్కి తెనాలి నుంచి కరుణ అనే పిల్ల కోడలుగా వచ్చింది. వచ్చిన కొత్తలోనే ఓ ఆదివారం, దీనమ్మకి దగ్గొచ్చి ఆగితే, ఆ పిల్ల పాట అందుకుంది. అదీ కొత్త రాగంలో. జనం చప్పట్లు కొట్టారు. దీనమ్మకి ఒళ్లు మండింది.

"మీ అమ్మ నీకు పాట నేర్పిందా, పొగరు నేర్పిందా?" అంది అందరి ముందూ.

కరుణ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆశీర్వాదానికి రోషం వచ్చింది. "మా వసారాలో మేం పాడుకుంటాంలే" అని సగం సంఘాన్ని వెంటేసుకుని లేచాడు. పోతూ పోతూ, జంపఖానాలో సగం మాదే అన్నాడు. దీనమ్మ కత్తెర తెప్పించి నన్ను నడిమికి కోసేసింది. కోపంలో ఉన్నప్పుడు మనుషులు ఎంత శ్రద్ధగా పనిచేస్తారో అప్పుడే చూశాను. కొలిచి మరీ కోశారు. ఆనాటి నుంచి నేను రెండు చోట్ల ఉన్నాను.

వానాకాలం వెళ్లాక, సంఘమంతా ఒక్క రొట్టె పంచుకునే బల్ల ఆరాధన ఆదివారం వచ్చింది. రొట్టె, ద్రాక్షరసం సిద్ధంగా ఉన్నాయి. పాస్టర్ ఏసుపాదంగారు ఒప్పుకోలు మొదలుపెట్టగానే, "మేము..." అన్నారు అందరూ. దీనమ్మ చెయ్యి నా తెగిన అంచు మీద ఉంది. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన చెయ్యి అది.

"మేము కాదు," అంది పైకే. "నేను."

పాస్టరుగారు పుస్తకం మూశారు. దీనమ్మ అందర్నీ లేపి, నన్ను చుట్టి భుజానేసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో తమ్ముడి ఇంటివైపు నడిచింది. సంఘమంతా వెనకాలే.

వాళ్లని చూసి వసారాలో పాట ఆగిపోయింది. దీనమ్మ నన్ను కరుణ ముందు దించింది.

"తల్లీ, దీన్ని కోసింది నేను. నలుగుర్లో మీ అమ్మనన్నదీ నేనే. కడుపుమంటతో అన్నానమ్మా. నీ పాట బానే ఉంది."

కరుణ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఆశీర్వాదం ముందుకొచ్చాడు. "అక్కా, సగం కావాలన్నది నేనేగా."

"కత్తెర తెచ్చిచ్చింది నేను," అన్నాడు దర్జీ శామ్యూలు.

"కొస బిగబట్టింది నేను," అంది ఎవరో ఆవిడ.

"నేను కూర్చుని తమాషా చూశా," అన్నాడు వెనకనుంచి ఓ తాత.

పాస్టరుగారు తల దించుకుని, "నేను ఆపలేదు," అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుస్తూనే నవ్వారు.

దబ్బనాలు, పురికోస వచ్చాయి. ఒక కొసనుంచి దీనమ్మ, రెండో కొసనుంచి కరుణ కుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. చారలు మాత్రం కలవలేదు, ఎరుపు పక్కన నీలం వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మందిరంలో బల్ల మీద రొట్టె అలాగే ఉందని. నన్ను మోసుకుని అందరూ పరుగో పరుగు.

ఇప్పుడు మందిరానికి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నన్ను చుట్టి ఓ మూల నిలబెట్టారు. ఒప్పుకోలు రోజున మాత్రం దీనమ్మ నన్ను లాగి పరుస్తుంది, నొప్పుల కాళ్లతోనే మోకరిస్తుంది.

"కుర్చీలో కూర్చుని ఒప్పుకుంటే దేవుడికి వినపడదా అత్తా?" అని కరుణ నవ్వుతుంది.

"ఆయనకి వినపడుద్దిలేవే," అంటుంది దీనమ్మ. "నాకే వినపడదు."