ఇరవై నిమిషాల తప్పు

"అయిదున్నరయింది, ఇంకా పొయ్యి వెలగలేదా?" అని అత్తగారు కేకేశారు. నిజానికి అయిదూ పది. హాల్లో గోడగడియారం ఇరవై నిమిషాలు ముందు నడుస్తుంది. పదకొండేళ్ళుగా ఆ ఇంటి కోడలూ దానితోపాటే నడుస్తోంది. ఒకసారి దాని సెల్లు మార్చినప్పుడు, పనిలో పనిగా టైము సరిచేసింది. ఇక చూడండి గగ్గోలు! "నిక్షేపంలాంటి గడియారాన్ని పాడుచేసింది" అని ఆవిడ ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. భర్త పేపరు దించకుండానే, "మళ్ళీ ముందుకే తిప్పెయ్యరాదూ? పోయేదేముంది?" అన్నాడు. స్టూలెక్కి తిప్పింది. పోయింది ఆమె నిద్ర. ఆయన లేచేది ఏడింటికి, ఫోనులో అలారం మోగాక. గోడమీద ఎంతయితే ఆయనకేం?

ఆఫీసులోనూ ఆమెది ఇదే పని, కాకపోతే అక్కడ జీతమిస్తారు. కంప్యూటరుకి అడుగునుండి అన్నిటినీ నడిపించే కెర్నల్‌ని కొత్తదానికి మార్చినప్పుడు, పాత ప్రోగ్రాములేవీ ఆగిపోకుండా చూడాలి. ఈసారి చిక్కంతా ఒక ఆసుపత్రి ల్యాబు ప్రోగ్రాముతో వచ్చింది. పాత కెర్నల్‌లో ఒక తప్పుండేది. ఫైలు పొడవెంత అని అడిగితే ఉన్నదానికంటే ఒక అక్షరం ఎక్కువ చెప్పేది. ఆ ప్రోగ్రాము రాసినాయన అది కనిపెట్టి, ఎప్పుడూ ఒకటి తీసేసి చదివేలా రాసుకున్నాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు కొత్త కెర్నల్ నిజం చెప్పేసరికి చివరి అంకె ఎగిరిపోయి, నూట నలభై ఉన్న షుగరు కాస్తా పద్నాలుగైంది. పరీక్షల్లోనే ఆమె కంటబడింది కాబట్టి సరిపోయింది. మూడు వారాలు తలబద్దలు కొట్టుకుని, ఆ ఒక్క ప్రోగ్రాము అడిగినప్పుడు మాత్రం పాత తప్పే చెప్పేలా కొత్త కెర్నల్‌ మీద ఒక తొడుగు ప్రోగ్రాము రాసింది. సరిగ్గా ఉన్నదాన్ని పనిగట్టుకుని తప్పు చేయడానికి ఎంత నేర్పు కావాలో ఎవరికి తెలుసు?

మార్పు జరిగిన మర్నాడు మీటింగు. "ఫలానాది ఆగిపోయిందని ఒక్క ఫోనైనా రాలేదు! ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేవాళ్ళం" అని మేనేజరు నవ్వాడు. కొత్త కెర్నల్ రాసే బృందంలో చోటు ఆమెదేనని రెండేళ్ళుగా ఊరిస్తున్నది ఆయనే. దాన్ని నిన్నగాక మొన్న చేరిన ఇంకొకరికి ఇచ్చేశాడు. "మీరు వెళ్ళిపోతే పాతవాటినెవరు చూస్తారండీ? మీకున్న ఓపిక ఇంకెవరికుంది చెప్పండి?"

ఓపిక! ఆ మాట వినగానే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లోనూ ఇదే బిరుదు, "మా ఆవిడకి ఓపికెక్కువ" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు మొగుడు. ఫోను వస్తే తప్పు ఆమెది, రాకపోతే ఆమె చేసిందేమీ లేదు. కడుపు నిండినవాళ్ళకి వండిన చెయ్యి కనబడదు, సరే. కానీ ఇన్నాళ్ళూ ఎవరికీ ఏ లోటూ తెలియకుండా సర్దిపెట్టింది తనే కదా? వాళ్ళెవరూ మారనక్కర్లేకుండా చేసింది తనే కదా? కోపం సగం వాళ్ళమీద, సగం తనమీద.

"ఆసుపత్రివాళ్ళు తమ ప్రోగ్రాములో మార్చుకోవాల్సింది ఒకే ఒక్క వరుస" అంది ఆమె. "అదెక్కడుందో, ఎలా మార్చాలో ఇవాళే రాసి పంపుతాను. మూడు నెలల్లో వాళ్ళచేత మార్పించి తొడుగు తీసేస్తాను. అప్పుడిక చూసుకోవడానికి పాతదేమీ ఉండదు. నా చోటు నాకివ్వండి, లేదా నా రాజీనామా తీసుకోండి."

"అంత ఆవేశమెందుకండీ? ఆలోచిద్దాం."

"మూడు నెలలున్నాయిగా. ఆలోచించండి."

ఆ సాయంత్రం చెప్పులు విడిచి, చేతి సంచీ అయినా దించకుండా స్టూలెక్కింది. గడియారం ముల్లుని ఇరవై నిమిషాలు వెనక్కి తిప్పింది.

తెల్లారగట్ల అత్తగారి గోల మొదలైంది. "అయిదున్నర కావాల్సింది, ఇంకా అయిదూ పదే చూపిస్తోందేమిటే? చెడిపోయింది!"

"చెడిపోలేదు అత్తయ్యా, బాగయింది" అంది మంచం మీదనుంచే.

ఆ గోలకి భర్త విసుక్కుంటూ లేచాడు. "పొద్దున్నే ఏమిటీ రభస? వెళ్ళి మళ్ళీ ముందుకు తిప్పెయ్యి."

"స్టూలు అక్కడే ఉంది, మీరు తిప్పుకోండి" అని ఆమె దుప్పటి తలమీదికి లాక్కుంది.