విత్తనానికి ఉంచిన కాగితం

పొద్దున్నుంచీ బలరాం కాలు ఒకచోట నిలవలేదు. కుండలో నీళ్లు మార్చాడు. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు. వరండా చివరిదాకా పోయి వాగు చప్పుడు విని వచ్చాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవిని మాటిమాటికీ తడుముకున్నాడు.

మండలాఫీసులో అతను అటెండరు. కాగితం, కార్బను, గుండుసూదులు, స్టాంపు ప్యాడ్లు, లక్క, దారం అన్నీ ఉండే బీరువా అతని చేతిలో ఉంది. భద్రాచలం నుంచి సరుకు వస్తే విప్పి, దులిపి, ఏ అరలోది ఆ అరలో సర్దుతాడు. కరెంటు పోయినా చెయ్యి పెడితే ప్యాడు చేతికి తగలాల్సిందే. ఇవ్వడం దగ్గరే పేచీ. రీఫిల్ కావాలంటే అయిపోయినది చూపించమంటాడు. బలరాంను గుండుసూది అడిగేకన్నా అడవికి పోయి తుమ్మముల్లు ఏరుకోవడం నయమని జూనియర్ అసిస్టెంటు నవత నవ్వేది.

ఆ రోజు ఆదివారమైనా ఆఫీసు తెరిచారు. అడవి అంచున పోడు కొట్టుకుని బతికేవాళ్లకు హక్కు పట్టాలు ఇస్తామంటే వాగు అవతలి తండాలవాళ్లు వాన ముసురులోనే దిగివచ్చారు. అచ్చు ఫారాలు ఉన్నాయి. కానీ ఒక్కో ఫారానికి పెద్దమనుషుల వాంగ్మూలం తెల్లకాగితం మీద రాసి, వేలిముద్రలు వేయించి కుట్టాలి. ఆ కట్ట తెల్లవారి భద్రాచలం పోవాలి. అందులో లేని పేరు మళ్లీ ఎప్పుడు ఎక్కుతుందో ఎవరూ చెప్పలేరు.

సగం మంది వంతు కూడా రాకముందే బల్లమీది కాగితం అయిపోయింది. నవత వచ్చి ఇంకో రీము ఇమ్మంది.

"లేదు, ఐపోయింది" అన్నాడు బలరాం.

ఆలోచించి అన్న మాట కాదు. ఎవరు ఏది అడిగినా అతని నోట ముందు వచ్చే మాట అదే. అని తలుపు దాకా పోయాక గాని కింది అర గుర్తుకు రాలేదు.

కాగితం ఉంది. బీరువా కింది అరలో, పనికిరాని ఫ్యాను రెక్కల వెనక, ఎరువుల సంచిలో చుట్టి, మధ్య మధ్య ఎండిన వేపాకు వేసి పెట్టాడు. సరుకు వచ్చిన ప్రతిసారీ అందులోంచి కొంత అటు తీసి పెట్టడం అతని పద్ధతి. తిరుమలాయపాలెం దగ్గరి వాళ్ల తండాలో అతని తల్లి సోమ్లి విత్తనపు జొన్నలు అలాగే ఉంచేది. వానలు మొహం చాటేసిన ఏడు ఇంటిల్లిపాదీ అంబలి పలచన చేసుకుని తాగారు గాని ఆ బుట్ట దించలేదు. విత్తనం ఇంట్లో ఉన్నా లేనట్టే అనుకోవాలని ఆమె చెప్పింది. ఆఫీసు కాగితానికి ఆ మాట వర్తించదని బలరాంకు ఎప్పుడూ తోచలేదు. చేతికి అందని చోట కొంత సరుకుందన్న ధైర్యంతోనే అతనికి నిద్రపట్టేది.

తహసీల్దారు శ్రీశైలం కాగితం కోసం ఊళ్లోకి మనిషిని పంపాడు. బడికి తాళం. పుస్తకాల కొట్టతను పెళ్లికి పోయాడు. భద్రాచలం పోయి వచ్చేసరికి చీకటిపడుతుంది, అప్పటికి వాగు దాటనివ్వదు. శ్రీశైలం బయటికి వచ్చి, కాగితం లేదు, మిగిలినవాళ్లు మళ్లీ రావాలని తలవంచుకునే చెప్పాడు.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది బలరాంకు. తడిసిన మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడవార కూర్చున్న పూలి అనే ముసలామె అతన్ని చేత్తో పిలిచింది. పోయిన ఏడు అడవి కాపలావాళ్లు ఆమె మొక్కజొన్న చేనును కంకి పట్టే వేళకు పీకేశారట. నీది కాదన్నారట. ఈసారీ పట్టా చూపించకపోతే వానలు తగ్గగానే వస్తారట. చెప్పి అతని మొహంలోకి చూసింది.

"సర్కారోళ్ల ఇంట్ల కాయితం కరువాయెనా బేటా? మా ఇంట్ల జొన్నలు కరువైతే నవ్వుతరు గద."

"లేదు యాడీ" అన్నాడు, సొంత తల్లిని పిలిచినట్టే.

ఇది అలవాటుగా అన్నది కాదు. ఉందని తెలిసి అన్నాడు. 

బీరువా గదిలోకి పోయాడు, తాళం తీశాడు, మళ్లీ వేశాడు. ఇప్పుడు బయటపెడితే తహసీల్దారు ఊరుకోడు. పోయిన వేసవిలో కార్బను దాచాడని తెలిసినప్పుడే చెప్పాడు. మరొక్కసారి ఇట్లా జరిగితే తాళం నవతకు పోతుంది, బలరాం తపాలా సంచి భుజాన వేసుకుని ఊళ్లు తిరగాలి. తిరగడానికి భయం లేదు. ఈ గది పోతుంది. సున్నం వాసన, అరల వరస, తను ఎక్కడ పెట్టింది అక్కడే ఉండే ఈ ఒక్క చోటు పోతుంది. వరండాలోకి వచ్చాడు. మళ్లీ లోపలికి పోయాడు.

వాగు చప్పుడు మారింది. సన్నగా ఉన్నది బరువెక్కింది. తండావాళ్లు లేచారు. పూలి చెప్పులు విప్పి కొంగున కట్టుకుంటోంది. ముడి పడక మళ్లీ విప్పింది.

బలరాం వంగి ఫ్యాను రెక్కలు ఈడ్చేశాడు. సంచి ఎత్తుకుని పోయి తహసీల్దారు బల్లమీద పెట్టాడు. వేపాకు పొడి ఫారాల మీద రాలింది.

శ్రీశైలం సంచి విప్పి చూశాడు. "ఇదెక్కడిది?"

"బీరువలదే సార్."

"లేదన్నవ్ గద?"

"అది విత్తనం సార్."

ఆయనకు అర్థం కాలేదు. బలరాం తల్లి సంగతి, జొన్నల బుట్ట సంగతి తడబడుతూ చెప్పాడు. ఆయన విని కిటికీలోంచి వానను చూశాడు.

"మరి చల్లుడెప్పుడయ్యా? వాన పడ్డంక గూడ చల్లవా?"

 ఆయన తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. మొలతాడు ముడి తడికి బిగిసిపోయింది. అది ఊడదీసేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.

నవత పరుగున పోయి తండావాళ్లను వెనక్కి పిలిచింది. చెయ్యి తిరిగినవాళ్లంతా రాయడానికి కూర్చున్నారు. బలరాం ప్యాడు పట్టుకుని ఒక్కొక్కరి బొటనవేలు అద్దించాడు. పూలి వేలు పగుళ్లుబారి ముద్ర సరిగ్గా పడలేదు. తన తువాలుతో తుడిచి మళ్లీ వేయించాడు.  ఆమె కాగితం మీద తన ముద్ర ఆరిందో లేదో చూసుకుని గబగబా దిగిపోయింది. వాగుకు అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని అందరూ నడుములోతు నీళ్లలో దాటారు. ఆఖరి మనిషి అవతలి గట్టెక్కేదాకా బలరాం ఇవతల నిలబడ్డాడు.

తడిసి తిరిగి వచ్చేసరికి నవత తాళంచెవి పట్టుకుని బీరువా ముందు ఉంది. కట్టను పంపుతూ పైన పెట్టాల్సిన ఉత్తరానికి తెల్లకాగితం కావాలట.

"లేదమ్మా" అన్నాడు బలరాం. "ఐపోయింది."

నవత అతని మొహం చూసింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, కింది అరలోకి చెయ్యి పెట్టి చివరిదాకా తడిమింది.