రెండక్షరాలు కొడితే

కొరియాలో ముఖో రేవుకు ఎగువన, కొండవాలులో ఉన్న ఆ మిడిల్ స్కూల్లో, టీచర్ల గది కిటికీ పక్కన ఒక కంప్యూటర్ ఉండేది. అది ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ. ఎవరి బల్ల దగ్గర వాళ్లు ఏం రాసుకున్నా, విద్యాశాఖకు పోవాల్సిన కాగితం మాత్రం పెద్ద ప్రింటర్‌కు తగిలించిన ఈ కంప్యూటర్‌లో ముస్తాబయ్యాకే గుమ్మం దాటేది. ముస్తాబంటే మాటల సంగతి కాదు. పట్టికల గీతలు ఒకదానితో ఒకటి కలవాలి, పంక్తుల మధ్య ఎడం సరిగ్గా ఉండాలి. వైస్ ప్రిన్సిపాల్ తాక్ క్యూహ్వాన్ అచ్చయిన కాగితం మీద స్కేలు పెట్టి చూసేవారు. గీత కాస్త పక్కకు జరిగితే కాగితం వెనక్కి వచ్చేది. మాటలు పక్కకు జరిగితే ఆయనకు పట్టేది కాదు.

అందులోని ఆఫీసు సాఫ్ట్‌వేర్ బాగా పాత వెర్షన్. "ఇది పెట్టిన రోజున నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు" అనేది సైన్సు చెప్పే పియో యన్‌జు. అయినా మార్చమని ఎవరూ అడగలేదు. అందుకు కారణం గిల్ సంగ్‌దో.

గిల్ భూగోళం చెప్పేవాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉందని ముందు కనిపెట్టింది అతనే. తరచూ రాసే పెద్ద వాక్యానికి రెండక్షరాల గుర్తు పెట్టుకోవచ్చు. ఆ రెండక్షరాలు కొట్టి ఒక మీట నొక్కితే వాక్యమంతా వచ్చి కూర్చుంటుంది. గిల్ మొదట్లో బుద్ధిగా పనికొచ్చే వాక్యాలే పెట్టాడు. "తమ సహకారాన్ని కోరుతున్నాము" లాంటివి. అందరూ అలవాటు పడ్డాక మెల్లగా వాటికి తోకలు తగిలించాడు. 'వాన' అని కొడితే, "ఈ రోజు వాన పడవచ్చు, పడకపోవచ్చు, భూగోళ శాస్త్రం ఇంతకు మించి చెప్పలేదు" అని వచ్చేది. ఎప్పుడు ఏది మారుస్తాడో తెలిసేది కాదు. టీచర్లు కాగితం రాయడానికి కూర్చున్నప్పుడు గది మధ్యలో ఉన్నట్టుండి ఎవరో ఒకరు ఫక్కున నవ్వేవారు. గిల్ తన బల్ల దగ్గర తల వంచుకుని జవాబు పత్రాలు దిద్దుతూ, ఏమీ ఎరగనట్టు ఉండేవాడు.

అక్టోబరులో ఒక ఆదివారం కొండ ఎక్కుతూ గిల్ చనిపోయాడు.

అతని బల్ల పక్క బల్ల ఓక్ జంగ్‌నాన్‌ది. ఆమె కొరియన్ భాష చెబుతుంది. మాట ఒకటికి రెండుసార్లు తూచి గానీ బయట పెట్టదు. అంత్యక్రియల దగ్గర అందరూ ఏదో ఒకటి అన్నారు, ఆమె ఏమీ అనలేదు. మర్నాడు ఎప్పటిలాగే పాఠాలు చెప్పింది. కానీ ఆ తర్వాత రోజూ గది ఖాళీ అయిన వేళ చూసి కిటికీ పక్క కంప్యూటర్ ముందు కూర్చునేది. తోచిన రెండక్షరాలు కొట్టి మీట నొక్కేది. చాలాసార్లు ఏమీ వచ్చేది కాదు. ఎప్పుడో ఒకసారి గిల్ వచ్చేవాడు. 'కామా' అని కొట్టిన రోజున, "ఓక్ గారూ, ఇక్కడ కామా లేదని నాకూ తెలుసు" అని వచ్చింది. ఆ పూట ఆమె మధ్యాహ్నం భోజనం మానేసి కిటికీలోంచి పడవల్ని చూస్తూ ఉండిపోయింది.

అన్ని వాక్యాలూ ఒకేసారి చూపించే జాబితా ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెరవలేదు. జాబితా అన్నాక దానికి అడుగు కూడా ఉంటుంది. తడుముకుంటూ వెతికినంత కాలం, ఇంకా ఒకటి మిగిలే ఉంటుంది.

గొడవ తెచ్చింది వ్యాయామం చెప్పే మా దోంగ్‌చోల్. ఇంటిపేరు 'మా'. కుర్రతనం, తొందర. తాను టైపు చేసింది తాను చదవడు. నవంబరులో ఆటల పోటీల గురించి విద్యాశాఖకు ఉత్తరం రాస్తూ, మామూలుగా పెట్టే మర్యాద వాక్యం కోసం 'వృద్ధి' అని కొట్టి, మీట నొక్కి, అచ్చు తీసి ఇచ్చాడు. గీతలన్నీ చక్కగా ఉన్నాయి. తాక్ గారు ముద్ర వేశారు. ఉత్తరం వెళ్లింది. "తమ కార్యాలయం అనంతంగా వర్ధిల్లాలని కోరుకుంటున్నాము. వర్ధిల్లిన తర్వాత మా స్కూలు బాయిలర్‌ను గుర్తు చేసుకోగలరు."

రెండు వారాల్లో ఇద్దరు మనుషులు, గదుల్ని వెచ్చబరిచే ఆ పాడైన బాయిలర్ చూడటానికి వచ్చారు. బాయిలర్ బాగైంది. తాక్ గారి మొహం మాత్రం బాగవలేదు.

"ఆ కంప్యూటర్‌ను శుభ్రం చేయించండి. ఎలాగూ కొత్త వెర్షన్ ఇస్తున్నారట" అన్నారు.

డిసెంబరులో, ఓక్ రెండో పీరియడ్ పాఠం చెప్పి వచ్చేసరికి కిటికీ దగ్గర ఒక బట్టతల మనిషి కూర్చుని ఉన్నాడు. కాంట్రాక్టు కంపెనీ వాడు. పని అయిపోయినట్టుంది, ఎవరో కలిపిచ్చిన కాఫీ తాగుతున్నాడు.

"రండి మేడమ్, చూడండి" అన్నాడు, పెళ్లికూతుర్ని చూపించినంత సంబరంగా. "ఇంట్లో వాడే వెర్షన్ వేరు, కంపెనీల వెర్షన్ వేరు. ఇది ప్రత్యేకంగా స్కూళ్లకి. మీరు మాట్లాడితే అదే టైపు చేసుకుంటుంది. మీరు ఒక ముక్క మొదలుపెడితే మిగతాది అదే రాసేస్తుంది."

"మిగతాది ఏమని రాస్తుంది?"

"మర్యాదగా రాస్తుంది మేడమ్."

ఓక్ నిలబడే 'వాన' అని కొట్టింది. "వాన కురిసే అవకాశం ఉన్నందున విద్యార్థులు గొడుగులు తెచ్చుకోవలెను" అని వచ్చింది. తప్పేమీ లేదు. కామా కూడా అక్కర్లేదు.

"ఇందులో మేము పెట్టుకున్న పాత వాక్యాలు..." అంది.

"సొంత సెట్టింగులు ఉంచాలా అని కంప్యూటర్ అడిగింది మేడమ్. శుభ్రంగా చేయమని మీ వాళ్లిచ్చిన కాగితంలో ఉంది. చీపురు పెట్టి ఊడ్చినట్టు చేశాను."

"ఎక్కడా కాపీ ఉండదా?"

"వాడేవాళ్లు ముందే తీసి పెట్టుకోవాలి. జాబితా తెరిస్తే పైన మూల బటన్ ఉండేదిగా. ఒక్క నొక్కు." అతను కప్పు కింద పెట్టి, ఆమె మొహం చూసి, "ముఖ్యమైనవా మేడమ్?" అన్నాడు.

"కాదులెండి. వాడకంలో ఉన్నవి" అంది ఓక్.

సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఆమె మళ్లీ అక్కడే కూర్చుంది. 'కామా' కొట్టింది. కామా ఎక్కడ వాడాలో కొత్త వెర్షన్ వివరంగా చెప్పబోయింది. చెరిపేసి 'వాన' కొట్టింది. గొడుగులు తెచ్చుకోమంది. మళ్లీ కొట్టింది.

"ఏమక్కా, వాతావరణ శాఖకు బదిలీ పెట్టుకున్నావా?" పియో వెనక నిలబడి ఉంది. చేతిలో నమిలే ఎండు స్క్విడ్ చేప ముక్క. "ఇందాకటి నుంచి అదే వాన."

ఓక్ 'వాన'ను చెరిపేసింది. "గిల్ వాక్యాలు పోయాయి" అంది.

పియో నమలడం ఆపేసింది. "కాఫీది కూడానా?"

"కాఫీదేమిటి?"

"నీకు తెలీదా? 'కాఫీ' అని కొడితే నన్ను తిట్టేవాడు. నేనొక్కదాన్నే చూశాననుకున్నా. సిగ్గేసి ఎవరికీ చెప్పలా." పియో కుర్చీ లాక్కుని కూర్చుంది. "రాయి, చెప్తా. 'కాఫీ తాగినవారు కప్పు కడగవలెను. పియో గారు వేరే స్కూలుకు బదిలీ అయినా ఆమె కప్పు మరక బదిలీ కాదు.'"

ఆ మాట విని, గది చివర బూట్లు తుడుచుకుంటున్న మా దోంగ్‌చోల్ లేచి వచ్చాడు. "నాది కూడా ఉంది మేడమ్! 'ఆలస్యానికి క్షమించండి. మా గారు పరుగులో ఫస్టు, పనిలో ఆఖరు.'"

"అది తిట్టు కాదయ్యా, నీ జాతకం" అంది పియో.

"మీ కప్పు కంటే నయమేలెండి."

ఓక్ టైపు చేస్తూ ఉంది. కొత్త వెర్షన్‌లో కూడా ఆ సదుపాయం ఉంది, కాకపోతే వేరే చోట దాక్కుంది. దొరకబుచ్చుకోవడానికి ముగ్గురూ కాసేపు తంటాలు పడ్డారు. ఇప్పుడు ఒకచోట పెడితే స్కూల్లోని కంప్యూటర్లన్నిటికీ పోతుందట. "అంటే ప్రిన్సిపాల్ గారి గదికి కూడానా?" అని దోంగ్‌చోల్ అడిగాడు, మొహం చాటంత చేసుకుని.

ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. 'ఆఖరు' కాదు, 'నిదానం' అని ఉండేదని పియో అంటే, తనను తిట్టింది తనకు తెలియదా అని దోంగ్‌చోల్ ఎదురు తిరిగాడు. వాళ్ల గొంతులు పెరిగేసరికి తలుపు తెరుచుకుంది.

తాక్ గారు. చేతిలో స్కేలు.

మా దోంగ్‌చోల్ అలవాటుగా ప్రింటర్ వెనక్కి జరిగాడు. ఓక్ మాత్రం కదల్లేదు. తెర మీద ఉన్నదాన్ని మూసేయలేదు కూడా.

"ఏం చేస్తున్నారు?"

"మీరు శుభ్రం చేయించినవి మళ్లీ మురికి చేస్తున్నాం సార్" అంది పియో.

ఆయన ముందుకు వంగి చదివారు. మొదటిది చదివారు, రెండోది చదివారు. కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"'గీత' లేదేం?"

ఎవరికీ అర్థం కాలేదు.

"'గీత' అని కొడితే వచ్చేది. నా మీద." ఆయన గొంతు సవరించుకుని, సంతాప సభలో చదివినంత గంభీరంగా చదివారు. "'వైస్ ప్రిన్సిపాల్ గారు చూశారు. గీతలన్నీ సరిగ్గా ఉన్నాయి. స్కూలు తగలబడుతోందని రాసినా, గీతలు కలిస్తే ఆయన ముద్ర వేస్తారు.' ప్రతి టర్ముకూ మార్చేవాడు. పోయిన వసంతంలో వరద వచ్చిందని ఉండేది."

"మీరు చూసేవారా సార్?" అన్నాడు దోంగ్‌చోల్, ప్రింటర్ వెనక నుంచే.

"పొద్దున్నే వచ్చేవాణ్ని, ఎవరూ లేనప్పుడు. ఈ రోజు ఏమన్నాడో అని." ఆయన స్కేలును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "నేను అనుకున్నది ఆ బాయిలర్ ముక్క ఒక్కటి తీసేయించాలని. శుభ్రం చేయమంటే అన్నీ తుడిచేస్తారని... నాకీ యంత్రాల సంగతి తెలియదు ఓక్ గారూ."

ఓక్ మీటల వైపు తిరిగింది. ఆయన చెప్పింది టైపు చేసింది. 'గీత' కొట్టి మీట నొక్కింది. వాక్యం వచ్చి కూర్చుంది. తాక్ గారు చదివి తల అడ్డంగా ఊపారు.

"ఇస్త్రీ చేశారు."

"ఏమిటి సార్?"

"'అగ్నిప్రమాదం సంభవించినా' అని రాశారు. 'తగలబడుతోంది' అన్నాడు అతను. ఇంత మర్యాదగా గిల్ నన్ను ఎన్నడూ తిట్టలేదు."

ఓక్ వెనక్కి వెళ్లి మిగతావి చూసుకుంది. నిజమే. పియో కప్పు 'శుభ్రత పాటించవలసిన' కప్పయింది. దోంగ్‌చోల్ 'కించిత్ నిదానం' అయ్యాడు. తన వేళ్లే ఆ పని చేశాయి. ముక్కు సూటిగా వచ్చిన మాటను దువ్వి, పక్కపాపిడి తీసి కూర్చోబెట్టాయి. ఇలా అయితే గిల్ మిగలడు, గొడుగులు తెచ్చుకోమనేవాడు మిగులుతాడు.

ఆమె లేచి కుర్చీ వెనక్కి జరిపింది. "మా గారూ, మీరు కూర్చోండి. ఎవరిది వాళ్లు చెప్పండి. చెప్పింది చెప్పినట్టు కొట్టండి."

"నేనా? నాకన్నీ తప్పులే పడతాయి మేడమ్."

"పడనివ్వండి."

దోంగ్‌చోల్ రెండు వేళ్లతో మొదలుపెట్టాడు. తప్పులు పడ్డాయి. తాక్ గారు తన వాక్యాన్ని రెండుసార్లు చెప్పి రెండుసార్లూ సరిచూశారు. పియో తన కప్పును తానే ఇంకాస్త నల్లగా చేయించింది. బాయిలర్ వేడి గొట్టాలు గోడలో టకటకలాడుతున్నాయి. కాసేపటికి దోంగ్‌చోల్ వేళ్లు ఆగాయి.

"ఇంకొకటుంది మేడమ్. నాది కాదు. చెప్పొచ్చో లేదో."

"ఎవరిది?"

"మీది." అతను మెడ గోక్కున్నాడు. "మైదానం గురించి రాస్తుంటే వేలు జారి 'మౌనం' అని పడింది. మీట నొక్కేశాను. అప్పుడు వచ్చింది. మీకు తెలుసనుకున్నా."

ఓక్‌కు తెలియదు. ఇన్నాళ్లూ తోచిన మాటలన్నీ కొట్టింది. ఆ మాట కొట్టాలని ఎందుకో తోచలేదు.

"కొట్టండి" అంది.

దోంగ్‌చోల్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. పియో అతని భుజం మీదుగా తొంగి చూసింది. తాక్ గారు స్కేలు కిటికీ గట్టు మీద పెట్టారు. తెర మీద వాక్యం పూర్తయింది, ఒక తప్పుతో సహా.

"ఓక్ గారు మాట్లాడటం లేదంటే కోపమనుకోకండి. మాట కోసం వెతుకుతునారు. తొందరపెట్టకండి, దొరుకుతుంది."

ఓక్ అది చదివింది. మళ్లీ చదివింది. ఏదో అనబోయి ఆగిపోయింది. ముగ్గురూ ఆమె వైపు చూసి, తెర వైపు చూసి, ఎక్కడివాళ్లక్కడే నిలబడ్డారు. దోంగ్‌చోల్ లేవబోతే పియో భుజం నొక్కి కూర్చోబెట్టింది. తాక్ గారు కిటికీ వైపు తిరిగి, రేవులో దీపాలు వెలిగించుకుంటున్న పడవల్ని శ్రద్ధగా చూడసాగారు.

చాలాసేపటికి పియో మెల్లగా అడిగింది. "దొరికిందా అక్కా?"

"ఇంకా లేదు" అంది ఓక్.

"సరే, కానివ్వు" అని పియో స్క్విడ్ ముక్కను నాలుగు పాయలుగా చీల్చి తలా ఒకటి ఇచ్చింది.