హులిగమ్మ చెప్పిన రెండో మాట

ఇందు జొన్నరొట్టె తడుతుండగా ఫోను మోగింది. చేతుల నిండా పిండి. కడుక్కుని వచ్చేలోపే భర్త మధు తీసి మాట్లాడుతున్నాడు. "మా ఇందు ఏమంటాది సార్, వస్తాది. నేను చెప్తాను కదా" అని పెట్టేశాడు. దేనికి వస్తుందో ఆ తర్వాత చెప్పాడు. ఆదోనిలో ఆమె పనిచేసే స్వచ్ఛంద సంస్థను నడిపే జయరాం సార్ చేసిన ఫోను అది. ఢిల్లీ నుంచి లత మేడమ్, ఆమెతో పాటు ఇద్దరు విదేశీ వాణిజ్య ప్రతినిధులు శుక్రవారం వస్తున్నారట. పత్తి కూలీలతో మాట్లాడతారట. అటు మాట ఇటు, ఇటు మాట అటు ఇందు చెప్పాలట.

ఈలోపు పెనం మీద రొట్టె మాడింది. ఫోనొస్తే ఈమెకు పెనం మీద ధ్యాస ఉండదని అత్త పద్మమ్మ వరండాలో నుంచే అన్నది.

ఇందు మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది. తన తరఫున ఎవరో ఒకరు మాట్లాడేయడం పదకొండేళ్లుగా అలవాటే. పెళ్లయిన కొత్తలో బీఈడీ సీటు వచ్చినప్పుడు, "ఆమెకే పెద్ద ఇష్టం లేదు మామా" అని మధు ఆమె నాన్నకు చెప్పాడు. పక్క గదిలో బట్టలు మడతపెడుతూ ఇందు ఆ మాట విన్నది. తనకు ఇష్టం లేదన్న సంగతి తనకూ అప్పుడే తెలిసింది. నాన్న కూడా తలుపు దాటి వచ్చి, నిజమేనా తల్లీ అని అడగలేదు. ఆయన మాత్రం ఎట్లా అడుగుతాడు? ఎమ్మిగనూరులో వాళ్లది మగ్గం ఇల్లు. అమ్మ తెల్లవారి లేచింది మొదలు కండెలు చుట్టేది, పడుగు సరిచేసేది, మధ్యలో వంట. ఒకసారి ఎవరో అధికారులు వచ్చి మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, ఇంట్లోనే ఉంటుందని నాన్న చెప్పాడు. అప్పుడు అమ్మ చెయ్యి రాట్నం మీద ఉంది. చిన్నపిల్లగా అది చూసిన ఇందుకు తప్పేమీ తోచలేదు. అమ్మకూ తోచినట్టు లేదు. తలెత్తకుండా చుడుతూనే ఉంది.

పోయిన ఏడాది పత్తి ఏరే కాలంలో ఇందు మూడు నెలల పాటు ఆస్పరి, దేవనకొండ పల్లెలు తిరిగింది. ఇంట్లో వంట ముగించి, కూతురికి జడలు వేసి, మొదటి బస్సుకు పోయేది. ఊరోళ్ల కష్టాలు రాసుకొస్తుంది గాని ఇంట్లో మనిషి కష్టం కనపడదని అత్త అనేది. రెండు వందల పన్నెండు మంది ఆడవాళ్లను చేల గట్ల మీద కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసింది. ఆ సర్వే ఢిల్లీలో లత మేడమ్ పనిచేసే అధ్యయన సంస్థది. పక్క దేశాలతో మనం ఎట్లా మెలగాలి, ఎవరితో ఏ వాణిజ్య ఒప్పందం చేసుకోవాలి అని ప్రభుత్వానికి నివేదికలు రాసిచ్చే సంస్థ. దాన్ని పోషించేది నూలు మిల్లులున్న ఒక పెద్ద కుటుంబం పెట్టిన ట్రస్టు. జయరాం సార్ సంస్థ నడిచేదీ ఆ ట్రస్టు విరాళంతోనే. కూలికి పోయే తల్లుల కోసం సర్వేలో మాట్లాడిన హులిగమ్మ అనే పెద్దామె ఊర్లో నడిచే పిల్లల కేంద్రం కూడా వాళ్ల చలవే. అందుకే సర్వేకు వెళ్లినప్పుడు ఇందుకు ఏ అనుమానమూ రాలేదు. మంచి చేసేవాళ్లు మంచికే అడుగుతున్నారనుకుంది.

బుధవారం లత మేడమ్ రాసిన నివేదిక ముసాయిదా ఫోనుకు వచ్చింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగి చదవడానికి కూర్చుంది. అట్ట మీద హులిగమ్మ బొమ్మ. తలకు తువ్వాలు, ఒడి నిండా పత్తి. కింద ఇంగ్లీషులో ఒకే వాక్యం: "పత్తిని విడిచిపెట్టడానికి నేను సిద్ధమే." లోపల, త్వరలో ఒక దేశంతో కుదరబోయే ఒప్పందంలో విదేశీ పత్తి మీద సుంకం ఎత్తేయాలని ఉంది. దానివల్ల ఇక్కడి పత్తి సాగు తగ్గినా నష్టం లేదనీ, నూటికి ఎనభై మంది మహిళా కూలీలు ఆ పని మానాలనే కోరుకుంటున్నారనీ ఉంది.

ఇందు బీరువా కింది అరలో దాచిన తన కాగితాల నకళ్లు తీసింది. వేరే పని దొరికితే పోతారా అని అడిగిన మాట నిజం. మందుల వాసనకు కళ్లు మండి, నడుములు పడిపోయిన ఆడవాళ్లు పోతామనే అన్నారు. కానీ పద్నాలుగో ప్రశ్న ఒకటి ఉండాలి. బయటి దేశం పత్తి చౌకగా వస్తే మీకేమవుతుంది? దానికి ఒక్కొక్కరు చెప్పింది రాసి రాసి ఆమె వేళ్లు నొప్పి పుట్టాయి. నివేదికలో ఆ ప్రశ్నే లేదు. హులిగమ్మ కాగితం వెతికి పట్టుకుంది. అక్కడ తన చేతిరాతలోనే ఉంది: "ఇడిసేదానికి సిద్ధమేమ్మా. ఇడిసినాక దేన్ని పట్టుకోవల్లో సూపియ్యమను." మొదటి మాట అట్ట మీదికెక్కింది. రెండోది ఎక్కడా లేదు.

లత మేడమ్‌కు ఫోను చేసింది. ఆమెది హైదరాబాదు, తెలుగు మనిషే. ఇందు చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఇట్లా రాయండని మాకు ఎవరూ చెప్పరు, ఇందూ. ట్రస్టు వాళ్లు ఒక్క అక్షరం దిద్దలేదు. వాళ్ల మిల్లులకు చౌక పత్తి కావాలి. ఏం రాస్తే వచ్చే ఏడాది కూడా సంస్థ నడుస్తుందో మాకే తెలిసిపోతుంది. ఆ ప్రశ్న నేనే తీసేశాను. తీయమని నన్నెవరూ అడగలేదు."

ఫోను పెట్టేశాక ఇందు కాగితాలు మళ్లీ అరలో సర్దింది. ఆ చివరి మాట ఆమెను వదల్లేదు. తన ఇంట్లో కూడా ఇది చేయొద్దని ఆమెను ఎవరూ గట్టిగా అరిచి చెప్పింది లేదు. మధు చెయ్యెత్తిన మనిషి కాదు. ఏ మాటకు ఆయన ముఖం ముడుచుకుంటుందో, ఏ మాటకు అత్త అన్నం దగ్గర నుంచి లేచిపోతుందో తెలుసుకుని, ఆ మాటలన్నీ తానే ముందుగా తీసేసుకుంటూ వచ్చింది. లత మేడమ్ మీద కోపం తెచ్చుకుందామంటే కోపం రాలేదు. భయం వేసింది. అంత చదువూ, అంత పేరూ ఉన్న మనిషి కూడా తనలాగే బతుకుతోంది.

మరుసటి రోజు జయరాం సార్ ఆమెను పిలిచి నిదానంగానే చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. గుంటూరు వైపు మిరప కోతల సుగ్గికి తల్లిదండ్రులు వలసపోతే, వెనక మిగిలే నలభై మంది పిల్లలకు ఆ కేంద్రమే దిక్కని, శుక్రవారం ఏదైనా తేడా వస్తే అది మూతపడుతుందని అన్నాడు. వాళ్లు అడిగింది చెప్పి ఊరుకోమన్నాడు. సాయంత్రం మధు కూడా అదే అన్నాడు. దేశాల మధ్య ఒప్పందాలు మన చేతిలో ఉన్నవా అని నవ్వాడు. పిల్లల సంగతి మాత్రం ఆమెకు నిజంగా ముల్లులా గుచ్చుకుంది. ఆ కేంద్రంలో అన్నం తినే ముఖాలు ఆమెకు తెలుసు.

శుక్రవారం జయరాం సార్ ఆఫీసు హాలులో అందరూ కూర్చున్నారు. ఇద్దరు విదేశీయులు, ట్రస్టు తరఫున ఒక పెద్దమనిషి, లత మేడమ్, ఎదురుగా పదిమంది కూలి ఆడవాళ్లు. తెల్ల జుట్టు విదేశీయుడు నివేదిక పైకెత్తి, మీరు నిజంగా పత్తిని విడిచిపెట్టాలనుకుంటున్నారా అని హులిగమ్మను అడిగాడు.

ఇందు ఆ ప్రశ్న వెంటనే చెప్పలేదు. ముందు బొమ్మ కింద ఏం రాసి ఉందో హులిగమ్మకు తెలుగులో చెప్పింది. దాంతో ఏం చేయబోతున్నారో కూడా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. జయరాం సార్ తల దించుకున్నాడు.

హులిగమ్మ తన బొమ్మనే చూస్తూ అడిగింది. "అన్నది నేనే. అది అన్నాక ఇంగో మాట అన్నాను. అది యాడ రాసినారు?"

"రాయలేదు పెద్దమ్మా."

"అయితే ఇప్పుడు సెప్పు. వాళ్ల దేశంలో పత్తి ఏసేటోళ్లకు సర్కారు సాయం సేస్తాదంట గదా, మాకెవరు సేస్తారో అడుగు. మా పిల్లోళ్లకు అన్నం పెడతాండారు, కాదనను. అన్నం పెట్టినామని మా నోట్లో నుంచి వాళ్ల మాట సెప్పిస్తే ఎట్లా?"

ఇందు మొత్తం ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు, తన సొంతం ఒక్క ముక్క కలపలేదు. తెల్ల జుట్టాయన రాసుకున్నాడు. ట్రస్టు పెద్దమనిషి చాలా మర్యాదగా నవ్వి, టీ తెప్పించమన్నాడు. లత మేడమ్ కిటికీ వైపు తిరిగింది.

నెల తర్వాత నివేదిక ఢిల్లీలో విడుదలైంది. అట్ట మీద హులిగమ్మకు బదులు ఒక పత్తి చేను. సుంకం ఎత్తేయాలన్న సిఫారసు అట్లాగే ఉంది. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో, కొందరు మహిళలు సందేహాలు వెలిబుచ్చారని ఒక వాక్యం చేరింది. ఇందును ఇక పనికి రావద్దన్నారు. వేసవికి పిల్లల కేంద్రం మూసేశారు. ఆ కబురు తెలిసిన రోజే ఇందు హులిగమ్మకు ఫోను చేసి, నా వల్లే పెద్దమ్మా అంది.

"నీ వల్ల ఎందుకైతాది?" అంది హులిగమ్మ. "నువ్వు సెప్పింది నా మాట. నా మాటకు నేనుంటాను. సెప్పకుండా మింగి ఉంటే నేను నీ మొగం సూసేదాన్ని కాదు." పిల్లల్ని వంతులవారీగా చూసుకునేందుకు ఊర్లో నలుగురు ముసలమ్మలు ఒప్పుకున్నారని, ఎన్నాళ్లు నడుస్తుందో తెలియదని కూడా చెప్పింది.

తర్వాతి ఆదివారం మధుతో పాటు కాలేజీలో పనిచేసే అబ్రహాం, ఆయన భార్య ఎస్తేరు ఇంటికి వచ్చారు. ఇందు ఈమధ్య పల్లెలకు పోతున్నట్టు లేదే అని ఎస్తేరు అడిగింది. ఇందు అప్పుడు వంటగది గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉంది.

"ఆమే మానుకున్నింది" అన్నాడు మధు. "పాపను చూసుకోవాలంట."

ఇందు గ్లాసులు బల్ల మీద పెట్టింది. మామూలుగా అయితే తిరిగి లోపలికి పోయేది. ఈసారి ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని, మధు పక్కనే కూర్చుంది.

"నేను మానుకోలేదు. తీసేసినారు. ఎందుకు తీసేసినారో ఆయనకు తెలియదు, ఆయన నన్ను అడగలేదు. నేను చెప్తాను."